ఆ ఆరు యూనిట్లు ఏమయ్యాయి?

(ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నింటినే ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ మీ సార్ "ఎలక్ట్రిక్ వాహనాల నిపుణులు" అన్నారు. అంత లేదండీ. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర చాలా ఏళ్లు ఉన్నాను. కార్లకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో వైరింగ్ పని చూసేవాణ్ని. బ్యాటరీల గురించి నాకు తెలిసిందంతా ఒక సెకండ్‌హ్యాండ్ కారు నేర్పింది. అదీ ఊరికే కాదు, దాని మీద నాకు అనుమానం వచ్చింది కాబట్టి. ఆ అనుమానం సంగతే ఇవాళ చెబుతాను. పవర్‌పాయింట్ తేలేదు, అందుకు మీరు సంతోషించాలి. (నవ్వులు)

ఆ కారు షెవ్రొలే వోల్ట్. జనరల్ మోటార్స్ వాళ్లు 2007 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో నమూనా చూపించారు. 2010 డిసెంబరులో కొన్నవాళ్ల చేతికి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో తయారీ ఆపేశారు. దానికంటే ముందే, 2008 డిసెంబరులో, చైనాలో బీవైడీ వాళ్లు ఎఫ్3డీఎం అని ఒకటి అమ్మకానికి పెట్టారు. అయినా నాకు తెలిసిన బండి వోల్ట్ కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే మీకు తెలిసే ఉంటుంది. గోడకున్న ప్లగ్గులో పెట్టి చార్జి చేసుకోవచ్చు, ట్యాంకులో పెట్రోలూ పోసుకోవచ్చు. మామూలు హైబ్రిడ్‌కి ప్లగ్గు ఉండదు. దాని బ్యాటరీలోకి వచ్చే ప్రతి చుక్కా చివరికి పెట్రోలు నుంచి వచ్చిందే.

నాది 2013 మోడల్. కాగితాల మీద బ్యాటరీ 16.5 కిలోవాట్ అవర్లు. మీ ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది చూడండి, అందులో యూనిట్ అని రాసేది ఈ కిలోవాట్ అవర్‌నే. నాకు నోరు తిరగదు, యూనిట్లనే అంటాను. కొన్న మొదటి వారం ఒక మీటరు తెచ్చి ప్లగ్గు దగ్గర పెట్టాను. చార్జి మొత్తం అయిపోయేదాకా తిప్పి, రాత్రి ప్లగ్గులో పెట్టాను. తెల్లారి చూస్తే గోడ నుంచి తీసుకున్నది 13 యూనిట్లకి కాస్త అటూఇటూ. కారు తెర మీద మాత్రం "నిన్న వాడింది 10.5" అని ఉంది. గోడకీ బ్యాటరీకీ మధ్య పోయినది చార్జర్ వేడి కిందా, బ్యాటరీని చల్లబరచడం కిందా పోయింది, అది ఒప్పుకుంటాను. మరి 16.5 ఉన్న బ్యాటరీ 10.5 దగ్గరే "అయిపోయాను" అంటే? మిగతా ఆరు యూనిట్లు ఏమయ్యాయి?

మా ఊళ్లో అయితే దీన్ని తూకంలో మోసం అంటాం.

మోసం కాదని తెలియడానికి నాకు చాలా రోజులే పట్టింది. మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా. నీళ్లు అంచుదాకా నింపరు, పైన కాస్త ఖాళీ వదిలి ఫ్లోటు ఆపేస్తుంది. కింద కుళాయికి వెళ్లే పైపు కూడా అడుగున పెట్టరు, నాలుగు అంగుళాలు పైన పెడతారు. వెయ్యి లీటర్ల ట్యాంకే, కానీ మీకు వెయ్యి లీటర్లు రావు. వోల్ట్ బ్యాటరీ కూడా అంతే. పైనా కిందా వదిలేసి మధ్యలో 65 శాతమే వాడుతుంది. తెర మీద "ఫుల్" అని చూపించినప్పుడు నిజంగా ఫుల్ కాదు. "ఖాళీ" అని చూపించినప్పుడు ఖాళీ అసలే కాదు.

పైన ఎందుకు వదలాలి? బ్యాటరీ లోపలుండే లిథియం అయాన్ సెల్ నిండా చార్జితో ఉన్నప్పుడు దాని లోపల వోల్టేజి ఎక్కువ. ఆ స్థితిలో రోజులకి రోజులు ఉంచితే, అందులోనూ ఎండలో ఉంచితే, లోపలి రసాయనాలు మెల్లగా పాడవుతాయి. మీ ఫోన్‌ని రాత్రంతా దిండు కింద చార్జింగ్‌లో పెట్టి పడుకుంటారు చూడండి, అదే పని. ఇంకో కారణం బ్రేకు. బ్రేకు తొక్కినప్పుడు మోటారు జనరేటర్‌గా మారి కరెంటుని వెనక్కి బ్యాటరీలోకి పంపుతుంది. అంచుదాకా నిండిన బిందెలో ఇంకో చెంబు పోయలేం కదా.

కింద వదిలేది ఎందుకో చివర్లో చెబుతాను. అసలు నాకు నచ్చిన ముక్క అదే.

ఇప్పుడు ఒక లెక్క. పూర్తి ఎలక్ట్రిక్ కారుకి 60 యూనిట్ల బ్యాటరీ ఉందనుకోండి. రోజూ ఆఫీసుకి పోయి వచ్చేవాడికి వారానికి ఒకసారి నిండా చార్జి చేస్తే సరిపోతుంది. వోల్ట్ బ్యాటరీ చిన్నది కాబట్టి అది రోజూ నిండుతుంది, రోజూ ఖాళీ అవుతుంది. ఏడాదికి మూడు వందల సార్లు. ఎనిమిదేళ్లకి 2,400 సార్లు. కంపెనీ ఇచ్చిన గ్యారంటీ ఎనిమిదేళ్లు, లేదా లక్ష మైళ్లు. అంటే పెద్ద బ్యాటరీ తాపీగా చేసే పనిని ఈ చిన్నది రోజుకూలీలా చేయాలి.

అంతేకాదు. వోల్ట్ మోటారు శక్తి 111 కిలోవాట్లు. కాలు పూర్తిగా నొక్కి అలాగే పట్టుకుంటే 16.5 యూనిట్లు ఎంతసేపట్లో ఖాళీ అవుతాయో మీరే భాగించండి. తొమ్మిది నిమిషాలు. అదే శక్తిని 60 యూనిట్ల బ్యాటరీ నుంచి లాగితే అరగంట పైన వస్తుంది. ఒకే బరువు బస్తాని గట్టి మనిషి మీదా, పదేళ్ల పిల్లాడి మీదా పెట్టినట్టు. అందుకే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ సెల్స్‌ని వేరే రకంగా తయారు చేస్తారు. కరెంటుని ఎక్కువగా దాచడం కంటే గబగబా ఇవ్వడం వాటికి ముఖ్యం.

ఈ జాగ్రత్త అంతా భయంతో మొదలైందని నా అభిప్రాయం. భయం తగ్గేకొద్దీ బ్యాటరీలో వాడుకోనిచ్చే భాగం పెరిగింది. 2011 మోడల్‌లో 16 యూనిట్లకి 10.4 వాడి 56 కిలోమీటర్లు నడిచింది. 2016 మోడల్‌గా వచ్చిన రెండో తరం వోల్ట్‌లో 18.4 యూనిట్ల బ్యాటరీ, అందులో సుమారు 14 వాడుకోనిచ్చారు, 85 కిలోమీటర్లు. బ్యాటరీ రెండున్నర యూనిట్లు పెరిగితే వాడకం మూడున్నర పెరిగింది. అన్నట్టు, అప్పటి అమెరికా చట్టం ప్రకారం 7,500 డాలర్ల పూర్తి పన్ను రాయితీ కావాలంటే బ్యాటరీ సుమారు 16 యూనిట్లు ఉండాలి. వాడేది ఎంత అని చట్టం అడగలేదు, ఉన్నదెంత అనే అడిగింది. ఇంజనీర్ల లెక్కా ప్రభుత్వం లెక్కా ఒకే అంకె దగ్గర కలిశాయి. ఎవరు ఎవరి కోసం కలిశారో మీరే ఊహించుకోండి. (నవ్వులు)

సరే, 65 శాతం అంటున్నాం. ఎంత మిగిలిందో కారుకి ఎలా తెలుస్తుంది? పెట్రోలు ట్యాంకులో ఫ్లోటు ఉంటుంది. బ్యాటరీలో అలాంటిది పెట్టే వీల్లేదు. లోపలికి పోయిన కరెంటునీ బయటికి వచ్చిన కరెంటునీ కిరాణా కొట్టు పద్దులా క్షణక్షణం రాసుకుంటూ పోవాలి. పద్దులో చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. అందుకని మధ్యమధ్యలో వోల్టేజి చూసి, వేడి చూసి సరిదిద్దుకుంటుంది. ఐరన్ ఫాస్ఫేట్ అని ఇంకో రకం లిథియం సెల్స్ ఉన్నాయి, వాటిలో అయితే ఇది ఇంకా తలనొప్పి. చార్జి 70 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది, చూసి చెప్పలేం.

పైగా బ్యాటరీ అంటే ఒకటి కాదు. నా వోల్ట్‌లో 288 సెల్స్. మూడేసి పక్కపక్కన కలిపి, అలాంటి 96 గుంపుల్ని వరసగా కట్టారు. వరసలో ఒక గుంపు బలహీనపడితే మిగతా 95 బాగున్నా లాభం లేదు. జోడెడ్ల బండి నీరసంగా ఉన్న ఎద్దు నడకనే నడుస్తుంది. అందుకే ప్రతి గుంపునీ విడివిడిగా కొలిచి, ఎక్కువ చార్జి ఉన్నవాటిని కాస్త తగ్గించి అన్నిటినీ ఒక మట్టానికి తెచ్చే సర్క్యూట్ ఉంటుంది. ఈసీఈ వాళ్లు ఎవరైనా ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే దీన్ని తీసుకోండి. ఆరు సెల్స్‌తో చేసినా చాలా నేర్చుకుంటారు.

ఇక రోడ్డు మీదికి వద్దాం. చాలామంది అనుకునేదేమిటంటే, చార్జి అయిపోయాక ఇంజిన్ ఆన్ అయి బ్యాటరీని మళ్లీ నింపుతుందని. నేనూ అలాగే అనుకున్నాను. నింపదు. చార్జి కింది గీత దగ్గరికి రాగానే ఇంజిన్ ఆన్ అవుతుంది, ఆ తర్వాత ఆ గీతకి అటూఇటూ ఊగుతూ బండిని నడిపిస్తుంది. బ్రేకులో వచ్చింది దాచుకుంటుంది, ఓవర్‌టేక్‌లో ఖర్చు పెడుతుంది. అంటే అక్కడి నుంచి అది మామూలు హైబ్రిడ్ కారు. మొదటి దశ చార్జి తరిగే దశ, రెండోది చార్జి నిలబెట్టే దశ.

నింపకపోవడంలో తెలివి ఉంది. పెట్రోలు మండించి, జనరేటర్ తిప్పి, ఆ కరెంటుని బ్యాటరీలో దాచి, మళ్లీ తీసి మోటారు తిప్పితే ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. ఇంటికి వెళ్తే ప్లగ్గులో అంతకంటే చౌకగా దొరుకుతుంది. వీధి చివర నీళ్ల కుళాయి ఉండగా దారిలో బిస్లెరీ సీసాలు కొని బిందె నింపుకోం కదా.

ఈ మెట్లు తగ్గించడం గురించే అప్పట్లో ఒక చిన్న రగడ జరిగింది. వోల్ట్‌లో చక్రాల్ని ఎప్పుడూ మోటారే తిప్పుతుంది, ఇంజిన్ పని జనరేటర్ తిప్పడం వరకే అని జనం అనుకున్నారు. 2010 అక్టోబరులో అసలు విషయం బయటికి వచ్చింది. చార్జి అయిపోయాక, గంటకి 110 కిలోమీటర్లు దాటిన వేగంలో, ఇంజిన్ శక్తిలో కొంత గేర్ల ద్వారా నేరుగా చక్రాలకి చేరుతుంది. "అయితే ఇది ఎలక్ట్రిక్ కారు కాదు, మమ్మల్ని మోసం చేశారు" అని పత్రికలవాళ్లు గొడవ చేశారు. ఆ వేగంలో అలా చేస్తే 10 నుంచి 15 శాతం దాకా కలిసొస్తుందని ఇంజనీర్లు చెప్పారు. నా దృష్టిలో ఇంజనీర్లదే న్యాయం. పేరు కోసం పెట్రోలు తగలేయమంటామా?

చార్జి ఉన్నంతసేపూ మామూలుగా ఇంజిన్ ముట్టనని అన్ని ప్లగ్-ఇన్‌లూ వోల్ట్‌లా మడి కట్టుకోవు. 2012లో టొయోటా తెచ్చిన ప్రియస్ ప్లగ్-ఇన్ బ్యాటరీ 4.4 యూనిట్లు. వంద కిలోమీటర్ల వేగం దాటినా, కాలు గట్టిగా నొక్కినా ఇంజిన్ అందుకునేది. చార్జి ఉండగానే ఇంజిన్ ఆన్ అయిందని కొన్నవాళ్లు విసుక్కునేవారు. కానీ ఆ కరెంటు ఎక్కడికీ పోలేదు, తర్వాత నెమ్మదిగా వెళ్లినప్పుడు ఖర్చవుతుంది. ఇంజిన్ బాగా పనిచేసే చోట ఇంజిన్‌నీ, మోటారు బాగా పనిచేసే చోట మోటారునీ వాడుకోవడం అన్నమాట. ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజిన్ అంత దండగ ఇంకోటి లేదు. హైవే మీద అదే ఇంజిన్ బుద్ధిగా పనిచేస్తుంది.

అందుకే 2013 వోల్ట్‌లో "హోల్డ్" అని ఒకటి పెట్టారు. దూరప్రయాణంలో హైవే ఎక్కగానే అది నొక్కితే ఉన్న చార్జి అలాగే ఉంటుంది, ఇంజిన్ నడిపిస్తుంది. ఊళ్లోకి రాగానే తీసేస్తే మోటారు అందుకుంటుంది. ఇప్పుడు కొన్ని కార్లు ఈ పని మనకి వదలవు. బీఎండబ్ల్యూ వాళ్లు 2020 నుంచి యూరప్‌లో కొన్ని నగరాల హద్దులు దాటగానే కారు తనంతట తానే కరెంటుకి మారేలా చేశారు.

"మౌంటెన్ మోడ్" అని ఇంకోటి ఉంది. కొలరాడో కొండల్ని మీరు చూసి ఉండరు కాబట్టి మన తిరుమల ఘాట్ రోడ్డు లెక్క వేద్దాం. తిరుపతికీ తిరుమలకీ ఎత్తు తేడా సుమారు 800 మీటర్లు. మనుషులతో కలిపి కారు 1,900 కిలోలు అనుకోండి. ఎంజీహెచ్ వేయండి, అంటే బరువునీ గురుత్వాన్నీ ఎత్తునీ గుణించండి... ఎవరన్నారు? నాలుగు! కరెక్టు. నాలుగు యూనిట్ల పైచిలుకు. గాలీ రాపిడీ కలపకుండా, ఒట్టి ఎత్తు ఎక్కడానికే అంత. చార్జి కింది గీత మీద ఉన్నప్పుడు కొండ మొదలైతే వోల్ట్‌లో ఉన్న 1.4 లీటర్ల ఇంజిన్ ఒక్కటే దాన్ని లాగాలి, బ్యాటరీ చేయి అందించలేదు, వేగం పడిపోతుంది. అందుకని కొండకి కాస్త ముందే ఆ మోడ్ నొక్కితే, కింది గీత సగానికి కాస్త తక్కువ దాకా పైకి జరుగుతుంది. నిల్వ పెట్టుకుని కొండ ఎక్కుతుంది.

దిగేటప్పుడు ఇంకో తమాషా. కొండ మీద గదిలో దిగి, రాత్రి నిండా చార్జి చేసి పొద్దున్నే దిగడం మొదలుపెట్టారనుకోండి. మలుపు మలుపుకీ బ్రేకు, కానీ బ్యాటరీకి తీసుకునే చోటు లేదు. దేవుడు ఇచ్చినా పుచ్చుకోలేని పరిస్థితి. (నవ్వులు) వచ్చేదంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా పోతుంది. కొండ మీద సగం చార్జి చాలు, దారి తనే కొంత నింపుతుంది.

చలి గురించి ఇక్కడ చెబితే నవ్వుతారేమో. డెట్రాయిట్ ఉన్న మిషిగన్‌లో జనవరి ఉదయం, బ్యాటరీ నిండా ఉంది, అయినా స్టార్ట్ చేయగానే ఇంజిన్ బుర్రుమనేది. కారణం హీటర్. పెట్రోలు ఇంజిన్ ఎలాగూ వేడి వృథా చేస్తుంది, ఆ వేడి కారు లోపలికి వాడుకోవచ్చు. మోటారుకి అంత వేడి ఉండదు, కరెంటుతో హీటరు నడపాలి, అది రేంజిని తినేస్తుంది. అందుకని ప్లగ్గులో ఉండగానే బయల్దేరే ముందు కారుని వెచ్చబెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆ వేడి గోడ కరెంటుది, బ్యాటరీది కాదు. మనకి ఇదే తిరగేసి వర్తిస్తుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారుని, ప్లగ్గులో ఉండగానే ఏసీతో చల్లబరచండి. వోల్ట్ బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరిగేది. ప్లగ్గులో ఉంటే నిలిపి ఉన్నప్పుడు కూడా తన ఒంటి వేడి తాను చూసుకునేది.

ఇంకో విచిత్రం. మా ఇంటి నుంచి ఆఫీసుకి రానూపోనూ 50 కిలోమీటర్ల లోపే. నెలన్నర పాటు ఇంజిన్ ఆన్ కాలేదు. ఒకరోజు తెర మీద, ఇంజిన్ చాలాకాలం నడవలేదు, కాసేపు నడుపుతాను అని వచ్చింది. ట్యాంకులో పెట్రోలు ఏడాది పాతబడితే దాన్నీ కాల్చేయడానికి చూస్తుంది. వాడకపోతే పాడయ్యేవి ఉంటాయి కదా, ఆవకాయ జాడీని కూడా మధ్యమధ్యలో కలియబెట్టాలి.

ఇంత తెలివి ఉన్న బండికి చేతకాని పని ఒకటుంది, ప్లగ్గు తనే పెట్టుకోవడం. ఆ పని నేనూ మర్చిపోయిన రాత్రులు ఉన్నాయి. యూరప్‌లో ఇది పెద్ద సమస్య. 2021లో రిజిస్టరైన కార్లలోని మీటర్ల నుంచి తీసిన లెక్కల్ని యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ పరీక్షల్లో చూపించిన దానికి సగటున మూడున్నర రెట్లు. ల్యాబులో రోజూ చార్జి చేస్తారని లెక్క వేస్తారు, ఇంట్లో చేయరు. కంపెనీ ఇచ్చిన కారు, కంపెనీ ఇచ్చిన పెట్రోలు కార్డు ఉంటే చీకట్లో కేబులు పట్టుకుని ఎవరు నిలబడతారు? ఇంగ్లండులో తిరిగొచ్చిన కంపెనీ కార్ల డిక్కీల్లో చార్జింగ్ కేబుళ్లు ప్యాకింగ్ కూడా విప్పకుండా ఉన్నాయని వార్తలొచ్చాయి. ఆ కార్లు బ్యాటరీ బరువు మోస్తూ పెట్రోలు తాగాయి. వోల్ట్ బ్యాటరీ దాదాపు 200 కిలోలు. ఊరికే ముగ్గురిని ఎక్కించుకుని తిరిగినట్టు.

నేను చెప్పాల్సింది ఇంతే. అడగండి.

ప్రశ్న: సార్, ఇవి మన దగ్గర ఎందుకు కనపడవు?

ఉన్నాయి, కోటి రూపాయల కార్లలో ఉన్నాయి. వోల్వో ఎక్స్‌సీ90లో వచ్చింది, బీఎండబ్ల్యూలో వచ్చింది. మామూలు ధరలో రాకపోవడానికి ట్యాక్సు ఒక కారణం. పూర్తి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. ఇంజిన్ ఉంటే ఆ రాయితీ లేదు. పైగా ఇంజినూ, మోటారూ, బ్యాటరీ, చార్జరూ అన్నీ పెట్టాలి, రెండు కాపురాల ఖర్చు. (నవ్వులు) కానీ ఒకటి చెప్పనా, ప్లగ్గు సంగతిలో ఇది మనకి సులువు. ఇంట్లో గీజర్‌కో ఏసీకో ఉండే 15 ఆంపియర్ల సాకెట్ మూడు కిలోవాట్ల పైన ఇస్తుంది. వైరింగ్, ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఇంత బ్యాటరీ నాలుగైదు గంటల్లో నిండుతుంది. పెద్ద చార్జర్లేమీ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆ సాకెట్ పెట్టించుకోవడానికి అసోసియేషన్‌తో పడే టెన్షన్ మాత్రం వేరే సబ్జెక్టు.

ప్రశ్న: మీరు కారు అమ్మేసేటప్పటికి బ్యాటరీ ఎంత తగ్గింది సార్?

తెర మీద వాడకం పదికి పైనే చూపించేది. అంటే కొన్నప్పటికీ అప్పటికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. ఆ ఆరు యూనిట్ల మీద కోపం నాకు అప్పటికి పోయింది.

ప్రశ్న: సార్, సాఫ్ట్‌వేర్ మార్చి ఆ ఆరు యూనిట్లు కూడా వాడేసుకోవచ్చు కదా? అయిపోతే పెట్రోలు ఉందిగా?

నీ పేరేంటమ్మా? సరే, ఈ ప్రశ్న కోసమే ఇందాక కింది భాగం సంగతి ఆపాను.

మీ నాన్నగారి కారు స్టార్ట్ అవ్వాలంటే ఇంజిన్‌ని ముందు ఎవరో తిప్పాలి కదా. ఆ పని 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న స్టార్టర్ మోటారు చేస్తుంది. వోల్ట్ ఇంజిన్‌కి అలాంటి స్టార్టర్ లేదమ్మా. దాన్ని తిప్పేది లోపలున్న పెద్ద జనరేటరే, దానికి కరెంటు ఇచ్చేది ఈ పెద్ద బ్యాటరీయే. ఇప్పుడు నువ్వు చెప్పినట్టు అడుగంటా ఊడ్చేశామనుకో. రోడ్డు పక్కన ఆగాం. ట్యాంకు నిండా పెట్రోలుంది. ఇంజిన్ బాగుంది. దాన్ని ఒక్క చుట్టు తిప్పడానికి బ్యాటరీలో ఏమీ లేదు. బండి కదలదు.